పరస్పరోపాధి పథకమూ, రాఘవమ్మగారి మొదటి ముద్దా

ఎవరి పని వారు చేసుకోవడం సమాజద్రోహమని మా మందారపురంలో తేలిన సాయంత్రం, అది తేలిన చోటనే నేను కూర్చుని ఉన్నాను. కనుక ఆ మహత్తర ఆర్థిక సిద్ధాంతం పుట్టుకకు నేను ప్రత్యక్ష సాక్షిని. ఋషులకు మంత్రాలు అరణ్యాల నిశ్శబ్దంలో దర్శనమిచ్చాయని విన్నాను. ఈ సిద్ధాంతం గుత్తివంకాయ కూర వాసన మధ్య దర్శనమిచ్చింది.

ఆ ఇల్లు మా పురపాలక సంఘాధ్యక్షులు పానకాలరావుగారిది. వారి తల్లి రాఘవమ్మగారికి పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. నాటినుంచి నేను ప్రతి సాయంత్రమూ వెళ్లి ఆవిడకు కాసేపు పురాణం వినిపించేవాణ్ణి. తెలుగు పండితుడిగా బడిలో పనిచేసి విరమించిన వాడికి శ్రద్ధగా వినేవారు దొరకడమే సంభావన. దీపం పెట్టాక పురాణం, పురాణం ముగిశాక మంగళం, మంగళం అయ్యాక ఆవిడ భోజనం. ఆ భోజనానికి ఆ ఇంట ఒక ఆచారం ఉంది. మొదటి ముద్ద కొడుకే కలిపి తల్లి నోట పెట్టాలి. తరువాతి ముద్దలు కోడలు శకుంతల పెట్టినా సరే, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తానే తిన్నా సరే. పానకాలరావుగారిలో మెచ్చుకోదగిన గుణం కోసం నేను చాలాకాలం వెదికాను. దొరికింది ఇదొక్కటే. ఎంతటి సభలో ఉన్నా దీపాలవేళకు వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, ఆ ఒక్క ముద్ద పెట్టి మళ్లీ సభకు వెళ్లిపోయేవారు.

ఆ ఏడాది వారికి శాసనసభకు పోటీచేసే అవకాశం దక్కింది. ఎన్నికలకు ఇంకా వ్యవధి ఉన్నది కాని, ఉద్యోగాలేవీ అని అడిగే యువకులకు చెప్పడానికి సమాధానం లేదు. ఆ సమాధానాన్ని తయారుచేయడానికి రాజధానినుంచి డాక్టర్ ప్రభంజన్ అనే ఆర్థిక సలహాదారును పిలిపించారు. ఆ సాయంత్రం ఆయన ఒక మూల కుర్చీలో, ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నారు. పానకాలరావుగారు ముద్ద కలిపి తల్లి నోటి దగ్గరకు తీసుకువెళ్లగానే ఆయన దిగ్గున లేచి నిలబడ్డారు.

"సర్, మీరిప్పుడు ఒక ఉద్యోగాన్ని చంపేశారు."

పానకాలరావుగారి చేయి గాలిలో ఆగిపోయింది. నేను పుస్తకం మూసిపెట్టాను.

ఆయన వివరించారు. వృద్ధులకు అన్నం తినిపించడం ఒక సేవ. జీతం ఇచ్చి చేయిస్తే అది ఉద్యోగం, దేశపు ఉత్పత్తిలో భాగం. కొడుకే ఊరకే చేస్తే అది ఎవరి లెక్కలోకీ రాదు. ఇప్పుడీ ముద్దను ఎదురింటివారు జీతానికి పెడితే ఒక ఉద్యోగం పుట్టింది. బదులుగా ఈ ఇంటివారు వెళ్లి ఎదురింట జీతానికి వంట చేస్తే రెండో ఉద్యోగం పుట్టింది. పెట్టుబడి లేదు, కర్మాగారం లేదు, భూసేకరణ లేదు. ఊరంతటినీ ఇలా మారిస్తే నిరుద్యోగమన్నది ఉండదు.

"మీ చేతిలో ఉన్న ఆ ముద్ద మీ అమ్మగారి కడుపులోకి వెళ్తుంది సర్. ఆర్థిక వ్యవస్థలోకి మాత్రం వెళ్లదు" అని ముగించారు.

అభ్యర్థిగారి ముఖంలో వెలుగు పుట్టడం నేను చూశాను. రాఘవమ్మగారు మాత్రం నోరు తెరిచి కూర్చున్న మనిషి.

"ఆ ముద్దేదో పెట్టేసి, తర్వాత పుట్టించుకోరా ఉద్యోగాల్ని. చల్లారిపోతోంది" అన్నారు.

పెట్టారు. ఇక చాలాకాలం దాకా కొడుకు చేతి ముద్ద దొరకబోదని అప్పుడు ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

కల్యాణమండపంలో సభ జరిగింది. గెలిచిన వెంటనే రాష్ట్రమంతటా అమలు చేయబోయే పరస్పరోపాధి పథకానికి మా వార్డును నమూనాగా ఎంపికచేసినట్లు పానకాలరావుగారు ప్రకటించారు. తన ఇల్లు ఉన్న వార్డునే ఎంచుకోవడంలో ఆయన నిజాయితీ ఉన్నదని వేదికమీది వారందరూ ఒకరి తరువాత ఒకరు చెప్పారు. తరువాత పురపాలక కమిషనరుగారు నియమావళిని చదివి వినిపించారు.

"పౌరులు స్వగృహమందు, స్వహస్తములతో, స్వప్రయోజనార్థము నిర్వర్తించుకొను సమస్త కార్యకలాపములు ఇకమీదట లెక్కకురాని శ్రమగా పరిగణింపబడును. అట్టి శ్రమకు పాల్పడిన వ్యక్తి, తనకు జతపరచబడిన ఇంటివారి ఉపాధిని అపహరించిన వానిగా ప్రకటింపబడి, అతని గృహద్వారముపై ఉద్యోగభక్షకుడు అను ఫలకము అమర్చబడును."

చప్పట్లు అణిగాక, మా ఎదురింటి దానయ్య లేచి నిలబడ్డాడు. హెడ్ కానిస్టేబులుగా చేసి విరమించిన మనిషి. నిలబడితే ఇప్పటికీ వరుసలో నిలబడినట్లే ఉంటాడు.

"సార్, మరి పొద్దున్నే పళ్లు తోముకునేది ఎట్టా?"

అది రెండవ దశలో పరిశీలనకు వస్తుందని కమిషనరుగారు సెలవిచ్చారు.

ఏ ఇంటిని ఏ ఇంటితో జతపరచాలన్నది కూడా ఆయనే నిర్ణయించారు. వీధికి ఆ పక్క ఇల్లు, ఈ పక్క ఇల్లు, ఎదురెదురుగా ఉన్నవి ఒక జత. ఆ ఇళ్లలో ఎవరు ఏమి తింటారో, ఏ వేళకు లేస్తారో, ఎవరికి ఏమి చేతనవునో విచారించడం ప్రభుత్వపు నిష్పాక్షికతకు భంగమట. ఆ ప్రకారం నాకూ దానయ్యకూ జత కుదిరింది. పానకాలరావుగారి మేడకు ఎదురుగా ఉన్నది నాంచారమ్మ రేకుల ఇల్లు. వారికీ వీరికీ జత కుదిరింది.

మరునాడు వేకువనే దానయ్య స్నానం చేసి, విభూతి పెట్టుకుని, మా పూజగదిలో నిటారుగా నిలబడ్డాడు. మా ఇంట్లో నా పూజ ఇక అతని ఉద్యోగం. దేవుడికి గౌరవవందనం చేసి, మా ఇంటి మంది వివరాలు గట్టిగా మనవి చేసి, అందరూ క్షేమమని నివేదించి, గంట వాయించి వెనుదిరిగాడు. భక్తిలో లోపం ఉన్నదని నేను చెప్పలేను. దేవుడు ఆ మాత్రం క్రమశిక్షణ నా దగ్గర ఎన్నడూ చూసి ఉండడు.

అతని పనులు నాకు వచ్చాయి. దానయ్యకు మధుమేహం ఉన్నది. తెల్లవారగానే నడవమని వైద్యుడు చెప్పాడు. అతని నడక అతనే నడిస్తే స్వీయశ్రమ కనుక నేను నడిచాను. నా మోకాళ్లు బాగుపడ్డాయి, అతనికి చక్కెర పెరిగింది. నా ఏకాదశి ఉపవాసం అతను చేశాడు. చేశానని చెప్పాడు. అతని మీసానికి అంటుకున్న పెసరట్టు తునకను నేను చూసి కూడా ఊరుకున్నాను. ఉపవాసాన్ని తనిఖీ చేయడం మరొకరి ఉద్యోగం, దానిని అపహరించడం నాకు ఇష్టంలేకపోయింది.

మా ఇంటావిడ వారింట వంటకు కుదిరింది. ఉల్లిపాయను కూడా అనుమానంతో చూసే మనిషి ఆవిడ. ఆదివారంనాడు ఆ ఇంట పొట్లకాయ కూర వండి వడ్డిస్తే, దానయ్య ఆ కంచం వంక శవపంచనామా చేస్తున్నవాడిలా చూశాడట. అతని భార్య గుమ్మంలో నిలబడి, మసాలా ఎప్పుడు వేయాలో మా ఆవిడకు చెప్పబోయింది. వీధివెంట వెళ్తున్న పర్యవేక్షకుడు ఆగి, అది ఉచిత సలహా అనీ, సలహాదారులకు ప్రత్యేకంగా నియామకాలు జరుగుతున్నవనీ హెచ్చరించి వెళ్లాడు.

ఇక జీతాల సంగతి. వారు మాకు ఎంత ఇవ్వాలో మేము వారికి అంతే ఇవ్వాలి. ఇచ్చిపుచ్చుకోవడం పురపాలక సంఘం ద్వారానే జరగాలి కనుక, వెళ్లేటప్పుడు కొంత, వచ్చేటప్పుడు కొంత సేవా రుసుముగా మినహాయించేవారు. చేసిన కర్మకు ఫలం చేసినవాడిదేనని మన శాస్త్రాల మాట. ఈ పథకంలో కర్మ ఒకరిది, ఫలం మరొకరిది, రుసుము కమిషనరుగారిది.

అయినా వృద్ధి ఆగలేదు. బజారు కూడలిలో ఎర్రని అంకెలు వెలిగే పెద్ద ఫలకం ఒకటి కట్టారు. సాయంత్రమయ్యేసరికి మా వార్డు వృద్ధిరేటు దానిమీద వెలిగేది. దాని కింద ఖాళీ సంచులతో నిలబడి జనం ఆ అంకెను చూసేవారు. మనం కొన్ని దేశాలను దాటివచ్చామని డాక్టర్ ప్రభంజన్ మైకులో చెప్పేవారు. ఆ దేశాల పేర్లు అడిగితే, అవి ఇబ్బంది పడతాయని చెప్పేవారు కాదు.

పథకంవల్ల ఉద్యోగం పొందినవారిలో మొదటిదానిగా నాంచారమ్మ ఫొటో పత్రికల్లో వచ్చింది. నిజానికి ఆమెకు అంతకుముందే ఉద్యోగం ఉన్నది. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుని, భర్త సోములు లారీమీద వెళ్లినా రాకపోయినా ఇల్లు నడుపుకొచ్చిన మనిషి. రాఘవమ్మగారికి అన్నం పెట్టే ఉద్యోగం ఇచ్చాక బండికి వేళ చాలక మూసేసింది. ఉన్న ఉద్యోగం పోయి కొత్త ఉద్యోగం వచ్చింది కదా అని నేను అంటే, పోయినది అసంఘటిత రంగంలోనిదని, దానిని పోయినట్లు లెక్కవేయకూడదని డాక్టరుగారు బోధించారు.

నాంచారమ్మ ఇంట వంటకు పానకాలరావుగారి భార్య శకుంతలగారు వెళ్లారు. ఆవిడ పెళ్లైన నాటినుంచి పొయ్యి వెలిగించలేదు. మొదటిరోజు ఆ ఇంట్లో పిల్లలు ఏమి తిన్నారో తెలియదు కాని, ఫొటోలు మాత్రం చాలా బాగా వచ్చాయి.

"అమ్మగారు ఉప్మా చేశారండి పంతులుగారూ. మా ఇంటాయన దాన్ని గోడ బీటలకి మెత్తాడు. నిలబడిందండి" అన్నది నాంచారమ్మ, తప్పు పట్టినట్లు కాదు, ఆశ్చర్యంతో.

నేను పురాణం ఊరకే చదవడం కూడా ఆగిపోయింది. రాఘవమ్మగారికి పురాణం వినిపించే ఉద్యోగం సోములుకు వచ్చింది. అతనికి చదువు రాదు. పుస్తకం ఎదురుగా తెరిచిపెట్టుకుని, తాను లారీతో వెళ్లిన ఊళ్ల సంగతులు చెప్పేవాడు. ఏ కొండ మలుపులో బండి ఆగిపోయింది, ఏ ధాబావాడు నీళ్లపప్పు పోశాడు, ఇవే కథలు. "బాగానే ఉంటయ్యి పంతులుగారూ. మీ కథల్లో కంటే రాక్షసులు ఎక్కువ" అన్నారు ఆవిడ నాతో. మౌనంగా కూర్చోవడం ఉత్పాదకత లేని పని కనుక దానిమీద నిషేధం లేదు. అందువల్ల నేను రోజూ వెళ్లి మౌనంగా కూర్చునేవాణ్ణి.

అలా కూర్చున్నవాణ్ణి కనుకనే నాకు తెలిసింది. రాఘవమ్మగారు అన్నం మానేశారు.

నాంచారమ్మమీద కోపంతో కాదు. ఆమె వడ్డించిన కంచం ముందుకు రాగానే, "మొదటిది వాడు పెట్టాలి, నాంచారూ. తర్వాత నువ్వు ఎంత పెట్టినా తింటా" అని నోరు మూసుకునేవారు. కాసిని మజ్జిగ మాత్రం తాగేవారు. ముద్ద తినిపించలేదని తెలిస్తే జీతం కోస్తారేమోనని నాంచారమ్మ భయం. తాను తినడంలేదని తెలిస్తే కొడుకు పరువు పోతుందేమోనని రాఘవమ్మగారి భయం. ఇద్దరూ కలిసి తిన్నట్లే చెప్పుకొచ్చారు. కాని బుగ్గలు లోపలికి పోవడం ఎంతకాలం దాగుతుంది?

ఈలోగా రెండవ దశ వచ్చింది. అందులో పళ్లు తోమడం ఒక్కటే కాదు, చాలా ఉన్నాయి. పసిబిడ్డకు కన్నతల్లి జోలపాడటం లెక్కకురాని శ్రమ అయింది. ఎదురింటివారు వచ్చి పాడేదాకా బిడ్డ ఏడుస్తూనే ఉండాలి. ఆ ఏడుపు మాత్రం బిడ్డ సొంతదే అయినా, మైనరు కనుక మినహాయించారు. పక్కవీధిలో ఒక పెద్దాయన కాలం చేస్తే ఎదురింటివారు వచ్చి శోకించారు, బాగానే శోకించారు. ఆయన పెద్దకొడుకు మధ్యలో ఆపుకోలేక తానే ఏడ్చేసరికి, తొలి తప్పు కనుక ఈసారికి మందలించి వదిలారు.

భోజనం చేయడమే స్వీయశ్రమ అవునా కాదా అని ఒక సందేహం బయలుదేరింది. దానిమీద సంఘం వేశారు. ఇరువైపులా వాదాలు విని, నమలడం శ్రమయే అనీ, మింగడం మాత్రం ప్రకృతిసిద్ధమనీ ఆ సంఘం తీర్పిచ్చింది. నమలడాన్ని ఎదురింటివారికి ఎలా అప్పగించాలో విధివిధానాలు ఖరారయ్యేదాకా పౌరులు తాత్కాలిక ప్రాతిపదికన తామే నమలవచ్చునని ఉత్తరువు వెలువడింది. దానయ్య ఆ ఉత్తరువును పలుమార్లు చదివించుకుని విని, "పొట్లకాయ ఎవరు నమిలినా నాకు అభ్యంతరం లేదండి" అన్నాడు.

రాఘవమ్మగారి సంగతి నేను పానకాలరావుగారి చెవిన వేశాను. ప్రచార వాహనం ఎక్కబోతున్నవారు ఆగి, తల వంచుకుని విన్నారు. ఒక క్షణం పాత మనిషే కనిపించారు.

"మాస్టారూ, నాకు మాత్రం బాధ లేదా చెప్పండి? కాని ఆ గుమ్మం ముందు పత్రికలవాళ్లు కాపు కాస్తున్నారు. నేను ఒక్క ముద్ద పెట్టిన ఫొటో బయటికొస్తే, మొదటి ఉద్యోగభక్షకుణ్ణి నేనే. పథకం కూలిపోతుంది."

ఒక ముద్దతో కూలిపోయే పథకాన్ని రాష్ట్రమంతటా ఎత్తి నిలబెట్టడమెందుకని అడగబోయాను. అంతలో డాక్టర్ ప్రభంజన్ సమస్యకు పరిష్కారం తోచిందన్నారు. ఆవిడకు కావలసింది కొడుకు. కొడుకన్నది ఒక పదవి. పదవికి ఎవరినైనా నియమించవచ్చు.

మరునాటి సాయంత్రం నేను వెళ్లేసరికి, నాంచారమ్మ రాఘవమ్మగారి ఎదుట ముద్ద పట్టుకుని కూర్చుని ఉన్నది. ఆమె ముఖానికి, ప్రచారసభల్లో పంచిపెట్టే పానకాలరావుగారి అట్టముఖం కట్టి ఉన్నది. నవ్వుతూ చేతులు జోడించిన ఫొటోలోని ముఖమే అది. నవ్వు మధ్య రెండు చిల్లులలోంచి నాంచారమ్మ కళ్లు బెదురుగా చూస్తున్నాయి. పక్కనే డాక్టరుగారు నిలబడి ఉన్నారు.

రాఘవమ్మగారు ఆ ముఖాన్ని చాలాసేపు చూశారు. తరువాత ఎడమచేయి చాచి దాన్ని నెమ్మదిగా పైకెత్తారు.

"దీని వెనకాల నువ్వు ఉక్కబోసి చచ్చిపోతావే, పిచ్చిదానా. తీసెయ్యి" అన్నారు. డాక్టరుగారి వైపు తిరిగి, "నాయనా, నీకు అమ్మ ఉందా?" అని అడిగారు.

ఉందని ఆయన చెప్పారు.

"ఆవిడకి ఎవరు పెడుతున్నారు?"

ఆ వివరాలు తన దగ్గర లేవని డాక్టరుగారు చెప్పి, ఫోను వచ్చినట్లు బయటికి వెళ్లారు.

ఆ రాత్రి భోజనాలవేళకు పానకాలరావుగారు వచ్చి తల్లి మంచం పక్కన కూర్చున్నారు. చేతులు వెనక పెట్టుకుని కూర్చున్నారు, అవి ఎక్కడ కంచంమీదికి వెళ్తాయో అన్నట్లు. ఎన్నికలు అయ్యేదాకా ఓర్చుకొమ్మని బతిమాలారు.

"అయ్యాక పెడతావా?" అన్నారు ఆవిడ.

గెలిస్తే పథకం రాష్ట్రమంతటా వస్తుందని, తాను మంత్రి కూడా కావచ్చునని, రాజధానిలో ఉండవలసివస్తుందని ఆయన చెప్పారు. అంతటి పదవిలో ఉండి నియమం తప్పితే ఎలా అని ఆయనే మళ్లీ అన్నారు.

"ఓడితేనో?"

ఆయన నవ్వారు. అభ్యర్థులు ఆ మాటకు నవ్వే నవ్వు. "ఓడితే ఇంకేముందమ్మా. ఇంట్లో కూర్చుని నీకు అన్నం పెట్టుకోవడమే."

"అట్లాగా" అన్నారు రాఘవమ్మగారు. మజ్జిగ తీసుకురమ్మని నాంచారమ్మకు చెప్పారు.

పోలింగు దగ్గరపడింది. పానకాలరావుగారికి ప్రత్యర్థి పరాంకుశంగారు. ఆయన పక్క వార్డు మనిషి, ఐస్ కర్మాగారం యజమాని. ఆయన ప్రణాళిక ఏమిటో ఎవరికీ తెలియదు. గొంతు పట్టేసి ప్రచారమంతా చేతులు జోడించడంతోనే గడిపారు. ఆయనకు ఉన్న బలం అదొక్కటే.

మా వీధిలో పానకాలరావుగారు ఇంటింటికీ వచ్చారు. వచ్చిన ప్రతి ఇంటా జనం ఆప్యాయంగా కూర్చోబెట్టారు. మంచినీళ్లు మాత్రం ఎదురింటివారు వచ్చి ఇచ్చేదాకా ఆగవలసివచ్చింది. దానయ్య ఇంట కొంత చర్చ జరిగింది. ఎవరి ఓటు వారు వేసుకోవడం స్వీయశ్రమ కాదా, తన ఓటు పంతులుగారు, పంతులుగారి ఓటు తాను వేయవద్దా అని అతని సందేహం. ఎన్నికల చట్టం ఒప్పదు కనుక ఓటు ఒక్కటి మాత్రం స్వయంగానే వేయాలని కమిషనరుగారు విచారంతో ఒప్పుకున్నారు.

"వేసేది నేనే సరే సార్. ఎవరికి వెయ్యాలన్నది కూడా చూసుకోవాలి గదా. తమరు మా సొంత వార్డోళ్లు, సొంత వీధోళ్లు. తమరికి వేత్తే సొంత పని సొంతానికి చేసుకున్నట్టు గాదా? నాకు తలుపుమీద ఆ పలక పెట్టించుకునే వయసు కాదు సార్ ఇది" అన్నాడు దానయ్య, నిటారుగా నిలబడి, అత్యంత వినయంతో.

అభ్యర్థిగారు నవ్వారు. వెంట ఉన్నవారూ నవ్వారు. దానయ్య నవ్వలేదు. ఆ తరువాత వచ్చిన ఇళ్లలో కూడా ఎవరూ నవ్వలేదు.

పోలింగు ఉదయం రాఘవమ్మగారు తననూ తీసుకువెళ్లమని పట్టుబట్టారు. నాంచారమ్మా సోములూ కుర్చీతో సహా ఎత్తి తీసుకువెళ్లారు. కన్నతల్లి ఓటు వేయడానికి వస్తున్నదని పానకాలరావుగారు బడి గేటు దగ్గర ఎదురువచ్చి కాళ్లకు దండం పెట్టారు. ఫొటోలు తీశారు. ఎముకలు తేలిన ఆ చేతిని ఆవిడ కొడుకు తలమీద పెట్టారు. లోపలికి వెళ్లి, ఎడమచేత్తో మీట నొక్కి, బయటికి వచ్చి, చాలా తేలికపడిన ముఖంతో కుర్చీలో వాలారు.

లెక్కింపు రోజున మా వార్డు యంత్రాలు తెరిచేదాకా పోటీ సమంగానే ఉన్నదని చెప్పారు. మా వార్డు తెరిచాక పోటీ అన్నది మిగలలేదు. నియోజకవర్గంలో మరెక్కడా రానంత ఆధిక్యం పరాంకుశంగారికి మా వీధుల్లోనే వచ్చింది. పథకం ఇంత లోతుగా ప్రజల్లోకి వెళ్లిందని అంతవరకు ఎవరూ గ్రహించలేదు. డాక్టర్ ప్రభంజన్ లెక్కింపు సగంలోనే రాజధాని బస్సెక్కారు. కమిషనరుగారు ఆ మధ్యాహ్నమే పథకాన్ని "పునస్సమీక్షాధీనము" చేశారు. బజారు కూడలిలోని ఫలకం ఆర్పేశారు. నాంచారమ్మ ఇడ్లీ బండి చక్రాలకు నూనె పెట్టించుకుంటున్నది.

దీపాలవేళకు నేను పుస్తకం పట్టుకుని వెళ్లాను. ఇల్లంతా ఖాళీగా ఉన్నది. నిన్నటిదాకా గుమ్మంలో నిలబడ్డ వాహనాలు లేవు, పత్రికలవాళ్లు లేరు. పురాణం చదివాను, మంగళం పాడాను. శకుంతలగారు కంచం తెచ్చి అత్తగారి ముందు పెట్టి వెళ్లారు. మూలగదిలో ఒంటరిగా ఉన్న పానకాలరావుగారు వచ్చి మంచం పక్కన కూలబడ్డారు.

"మన వార్డే ముంచింది మాస్టారూ. ఇరవై ఏళ్లుగా ఎవరింట్లో ఏం జరిగినా ముందు నేనేగా వెళ్లింది. ఒక్కళ్లు, ఒక్కళ్లు కూడా నా మొహం చూడలేదు" అన్నారు నాతో.

"నేనూ వెయ్యలేదురా నీకు" అన్నారు రాఘవమ్మగారు.

ఆయన తల తిప్పి చూశారు.

"పరాంకుశానికి వేశా. సొంత కొడుక్కి వేసుకుంటే సొంత పనే గదరా, నీ చట్టం ప్రకారం?"

"అమ్మా..."

"అది ఊరికే అన్నాలే. గెలిస్తే రాజధాని పోతానన్నావు. ఓడితే ఇంట్లో కూర్చుని అన్నం పెడతానన్నావు. నువ్వే అన్నావు గదరా. అందుకని వేశా." ఆవిడ గొంతులో పశ్చాత్తాపం కాని, గర్వం కాని లేవు. కూర ఏమిటో చెప్పినట్లు చెప్పారు. "ఇక పెట్టు. చల్లారిపోతోంది."

ఆయన కోపగించుకుంటారేమో అనుకున్నాను. లేచి, దొడ్లోకి వెళ్లి, కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చారు. కంచం దగ్గరకు లాక్కున్నారు. చేయి అలవాటు తప్పి ముద్ద పెద్దదయింది. పెట్టబోతూ, పోని అలవాటు ఒకటి మిగిలి ఉండటంవల్ల, ఫొటో తీసేవాడి కోసం గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు.

"పెద్దదయిందిరా. తుంచు" అన్నారు ఆవిడ.

తుంచి పెట్టారు. ఆ విధంగా ఆ సాయంత్రం మందారపురంలో ఒక ఉద్యోగం నశించింది. ఫలకం అప్పటికే ఆరిపోయి ఉండటంవల్ల ఆ నష్టాన్ని ఎవరూ చూడలేదు. రాఘవమ్మగారు ఆ ముద్దను తానే నమిలి, తానే మింగారు.